ఇంటి పేరున ఉన్న మనుషులు

పులిగుంటపాడు గ్రామంలోని పసుపులేటి ఇల్లు, తన పేరున ఉన్న మనుషుల వివరాలను పదిహేను రోజుల్లోగా దాఖలు చేయాలన్న నోటీసును మార్చి పదకొండో తేదీ మంగళవారం ఉదయం పదిన్నరకు అందుకుంది. గ్రామ రెవెన్యూ అధికారి షేక్ గౌసియా ఆ కాగితాన్ని వీధి తలుపుకు అంటించింది. యజమాని ఇల్లు కాబట్టి నోటీసు ఇంటికే ఇవ్వాలి. లోపల ఉన్నవాళ్ళు ఆస్తి. ఆస్తికి నోటీసు ఇచ్చే పద్ధతి లేదు. కావాలంటే నిలబడి చదువుకోవచ్చు.

ఇందులో వింతేమీ లేదు. మనిషికి ఇంటిపేరు ఉంటుంది. ఎవరి పేరున ఎవరున్నారో అక్కడే తేలిపోయింది. పాత రికార్డులన్నీ అలాగే రాశారు. మధ్యలో కొన్నాళ్ళు మనుషులు తామే ఇళ్ళను కొంటున్నామనీ అమ్ముతున్నామనీ అనుకున్నారు. రీసర్వేలో ఆ పొరపాటును సరిచేస్తున్నారు. మండలంలో తొమ్మిది ఊళ్ళు పూర్తయ్యాయి. ఎక్కడా గొడవ జరగలేదు.

పసుపులేటి ఇంట్లో ముగ్గురున్నారు. మాల్యాద్రికి అరవై ఏళ్ళు, బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అతను ఆ ఇంట్లోనే పుట్టాడు కాబట్టి అతని పేరు ఎదురుగా ‘పెరుగుదల’ అని ఉంది. భార్య సుబ్బరత్తమ్మ 1989లో వేరే ఇంటి నుంచి వచ్చింది. ఆమె పేరు ఎదురుగా ‘బదలాయింపు’ అని ఉంది. మూడో మనిషి మాల్యాద్రి అక్క వెంగమ్మ. ఆమెకు అరవై మూడేళ్ళు. ఆమె పేరు ఎదురుగా గౌసియా పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టింది.

వెంగమ్మ కూడా ఆ ఇంట్లోనే పుట్టింది. 1982లో పెళ్ళయినప్పుడు ఆమెను కొండగుంటలోని చిట్టేల ఇంటికి బదలాయించారు. 2004లో భర్త పోయాడు. 2012లో కొండగుంట రిజర్వాయరు కింద మునిగింది. ద్వారబంధం పైకమ్మి మూడేళ్ళపాటు నీళ్ళలో ఉంటే ఆ ఇంటికి మనుషుల మీద హక్కు పోతుందని సర్క్యులర్ చెబుతుంది. చిట్టేల ఇంటి పైకమ్మి మీద ఇప్పుడు ఇరవై ఆరడుగుల నీళ్ళున్నాయి.

“అంటే ఇప్పుడు నేనెవరి దాన్నమ్మా?” అని వెంగమ్మ అడిగింది.

“అదే చూడాలి పెద్దమ్మా,” అంది గౌసియా. “ఏ ఇంటి పేరునా తేలకపోతే పోరంబోకు కింద రాయాలి.”

“ఆ మాట మా ఆయన నన్ను చాలాసార్లు అన్నాడు,” అంది వెంగమ్మ.

మాల్యాద్రి అక్క ముందు నవ్వకుండా ఉండలేకపోయాడు. “బావ సంగతి తెలిసిందేగా. నన్ను కూడా అనేవాడు.”

“అది తిట్టు మామా. ఇది వర్గీకరణ,” అంది గౌసియా.

పోరంబోకు కింద నమోదైన మనుషులను ప్రజోపయోగానికి వాడతారు. పక్క ఊరు మెట్టపాలెంలో నరసింహం అనే రిటైర్డ్ పోస్ట్‌మాన్‌ను పోయిన నవంబరులో పంచాయతీ స్వాధీనం చేసుకుంది. ప్రస్తుతం ఆయన బస్సు ఆగే చోట నీడగా వినియోగంలో ఉన్నాడు. ఎండ వేళల్లో ఆరుగురు ఆయన నీడలో నిలబడతారు. ఆదివారం సెలవు. మరికొందరిని ప్రారంభోత్సవాలకు లారీల్లో తీసుకెళ్ళి కూర్చోబెడుతున్నారు. వాళ్ళకు చప్పట్లు కొట్టే పని ఉంటుంది. పని కష్టమని ఎవరూ ఫిర్యాదు చేయలేదు. సాయంత్రం తిరిగి వెళ్ళడానికి ఇల్లు లేదన్నదొక్కటే ఇబ్బంది.

వెంగమ్మ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

*

పదిహేను రోజుల్లో గౌసియా ఆ ఇంటికి ఏడుసార్లు వచ్చింది. మొదటిసారి మనుషుల్ని లెక్కపెట్టడానికి వంటింట్లోకి వెళ్ళబోయి ద్వారబంధానికి తల కొట్టుకుంది. పొయ్యి దగ్గర నుంచి సుబ్బరత్తమ్మ “తల, తల” అని అరిచింది గానీ అప్పటికే తగిలింది. నుదుటి మీద బొప్పి కట్టింది.

“ఈ ఇంటికి ఎవురొచ్చినా అంతేనమ్మాయ్,” అంది సుబ్బరత్తమ్మ, తడిగుడ్డ అద్దుతూ. “ముప్పై ఆరేళ్ళు. ఇప్పటికీ పరాకునుంటే నాకూ తగులుద్ది.”

వంటింటి ద్వారం ఎత్తు నాలుగడుగుల ఏడంగుళాలు. దానికి కారణం యాజమాన్య చరిత్రలో ఉంది. ఆ చరిత్రను గౌసియా మూడు పాత రిజిస్టర్లలో వెతికి, పదకొండు పేజీల్లో రాసింది.

ఇల్లు 1911లో పూర్తయింది. కట్టిన ఇబ్రాం మేస్త్రీ పొట్టివాడు. ద్వారబంధాలను తన పక్కన నిలబెట్టి, తన తల మీద బెత్తెడు వదిలి కోశాడు. వీధి తలుపు దగ్గరికొచ్చేసరికి ఎత్తు చాలదని ఎవరో చెప్పారు. వంటింటి ద్వారం అప్పటికే గోడలో కూర్చుంది. అదే ఏడాది ఇల్లు మొదటి ముగ్గురిని సంపాదించింది: వెంకటసుబ్బయ్య, అతని తల్లి, అతని భార్య. అంతకు ముందు వాళ్ళు పాక వారు. ఇల్లు లేచాక పసుపులేటి వారయ్యారు.

1911 నుంచి 1958 వరకు ఇంటికి పదిహేడు మంది పెరుగుదల, ఐదుగురు బదలాయింపు మీద రాక, ఎనిమిది మంది బదలాయింపు మీద పోక. పోయినవాళ్ళందరూ ఆడపిల్లలు. పత్రాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇచ్చిన ఇంటి ముద్ర, పుచ్చుకున్న ఇంటి ముద్ర, ఇద్దరు సాక్షుల వేలిముద్రలు ఉన్నాయి. బదలాయింపు జరిగిన మనిషి సంతకం ఏ పత్రంలోనూ లేదు. నిబంధన దాన్ని అడగదు.

1958లో ఇంటిని రెండు చేశారు. హాలు మధ్యలో తాడు పట్టి గోడ కట్టారు. అప్పటికున్న తొమ్మిది మందిలో ఐదుగురు ఈ పక్కకూ ముగ్గురు ఆ పక్కకూ వచ్చారు. మిగిలింది వెంకటసుబ్బయ్య భార్య. ఆమెను ఎటు రాయాలో పెద్దమనుషులకు తేలలేదు. చివరికి బావితోపాటు ఉమ్మడి కింద రాశారు. ఆరు నెలలు ఇటు, ఆరు నెలలు అటు. ఆమె బతికిన పదకొండేళ్ళలో ఈ ఏర్పాటు మీద వివాదం రాలేదు. బావి మీద రెండుసార్లు వచ్చింది. తర్వాత ఆ పక్క వాటా కూలిపోయి ఖాళీ స్థలమైంది.

1977లో తుఫాను వచ్చిన రోజు ఒక మనిషి అరుగు మీద కూర్చున్నాడు. పేరు అడిగితే చెప్పలేదు. ఊరు అడిగితే చెయ్యి ఊపాడు. వాన తగ్గాక లేస్తాడనుకున్నారు. లేవలేదు. అన్నం పెట్టారు. పన్నెండేళ్ళు గడిచాక, 1989లో, అతను అనుభవ హక్కు కింద ఇంటి పేరున చేరాడు. ఇల్లు ఒక మనిషిని పన్నెండేళ్ళపాటు ఎడతెగకుండా అనుభవిస్తే ఆ మనిషి ఆ ఇంటి ఆస్తి అవుతాడు. రిజిస్టరులో ‘పసుపులేటి అరుగయ్య’ అని రాశారు. అతను 2003లో పోయాడు. తలకొరివి మాల్యాద్రి పెట్టాడు.

గౌసియా ఈ పేజీ దగ్గర వేలు పెట్టి ఆగింది.

“పెద్దమ్మా, నువ్వు ఇక్కడికి తిరిగొచ్చి ఎన్నేళ్ళయింది?”

“పన్నెండు దాటినై,” అంది వెంగమ్మ. “ఆషాఢంలో ఒక ట్రంకు పెట్టె తీసుకోని వచ్చినా. తలుపు తీసే ఉంది. ఎందుకొచ్చావని ఈ ఇల్లు నన్నడగలా. అప్పుట్నించీ శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు నేనే రాస్తన్నా. అది నేను దానికి పెట్టే దణ్ణం.”

గౌసియా ‘ఆస్తి నిర్వహణ: సంతృప్తికరం’ అని రాసుకుంది. తర్వాత అడగవలసిన ప్రశ్న అడిగింది.

“మధ్యలో ఎక్కడికన్నా వెళ్ళి ఉన్నావా?”

మాల్యాద్రి బావి వైపు చూశాడు. సుబ్బరత్తమ్మ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

“నేను జెప్తా రాసుకో అమ్మాయ్. పందొమ్మిదిలో పోట్లాడుకున్నాం. ఆ వంటింటి ద్వారం పగలగొట్టి ఎత్తు లేపుదామని నేను. మా తాత పెట్టించింది ముట్టుకుంటే ఒప్పుకోనని ఈమె. నీ నెత్తి గట్టిదైతే నువ్వు కొట్టుకో, నాకేం ఖర్మ అన్నా. అయితే నే పోతా అంది. పో అన్నా. పోయింది.”

“ఎన్నాళ్ళు?”

“నలభై ఒక్క రోజు,” అంది వెంగమ్మ. “పొదిలిలో మా ఊరి ఆమె ఉంటే ఆమె దగ్గరున్నా. డాబా ఇల్లు.”

“నలభయ్యో రోజు మేస్త్రీ వచ్చాడు,” అన్నాడు మాల్యాద్రి. “గోడ మీద సుత్తి పెట్టాడో లేదో పైన పెంకు జారి భుజం మీద పడింది. ఇంగ మళ్ళీ రాలా. మర్నాడు అక్కను తీసుకొచ్చినా.”

నలభై ఒక్క రోజులు తెగితే లెక్క మళ్ళీ మొదటి నుంచి వేయాలి. 2019 నుంచి వేస్తే ఆరేళ్ళు కూడా రాలేదు. గౌసియా కాలిక్యులేటరు తీసి చూసి మూసేసింది.

“నేనే పొమ్మన్నానని రాయి అమ్మాయ్,” అంది సుబ్బరత్తమ్మ. “తప్పు నాది.”

“మీరన్నా లెక్కలోకి రాదు అత్తా. మీరూ ఆస్తే. ఒక ఆస్తి ఇంకో ఆస్తిని పొమ్మనడానికి అధికారం లేదు.”

సుబ్బరత్తమ్మ వెంగమ్మ వైపు తిరిగింది. “ఆ మాట అప్పుడే తెలిస్తే నోరు నొప్పి తప్పేది గదా వదినా,” అంది. వెంగమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

ఇక ఇంటి వాంగ్మూలం మిగిలింది. ఇంటి వాంగ్మూలానికి పద్ధతి ఉంది. ఇద్దరు సాక్షుల ఎదుట గడప దగ్గర నిలబడి ప్రశ్నను మూడుసార్లు చదవాలి. ఏడు పనిదినాల్లో తలుపు బిగుసుకుంటే అంగీకారం. పెంకు జారితే అభ్యంతరం. రెండూ జరగకపోతే ‘జవాబు లేదు’ అని రాయాలి. గౌసియా చదివింది: “చిట్టేల వెంగమాంబ అను మనిషి నీ ఆస్తి అవునా, కాదా?” ఎండాకాలం మొదలైంది. చెక్కలు ఎండి ఉన్నాయి. ఏడు రోజులూ తలుపు మామూలుగానే తెరుచుకుంది, మూసుకుంది. గౌసియా ‘జవాబు లేదు’ అని రాసి, ఫైలు మండల కార్యాలయానికి పంపింది.

పంపేముందు ఆమె వంటింట్లో కూర్చుని మజ్జిగ తాగింది. సుబ్బరత్తమ్మ ఆమెది ఏ ఇల్లని అడిగింది.

“పొదిలిలో అద్దెకుంటాం అత్తా. అద్దె ఇంటి వాళ్ళను ‘తాత్కాలికం’ అని రాస్తారు. ఇప్పటికి ఆరిళ్ళు మారాం.”

“అయ్యో పాపం,” అంది వెంగమ్మ.

*

విచారణ ఏప్రిల్ మూడో తేదీకి పడింది. ముగ్గురూ బస్సులో బయలుదేరారు. మెట్టపాలెం దగ్గర బస్సు ఆగింది. నరసింహం నిలబడి ఉన్నాడు. ఆయన నీడలో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మేక.

“ఎట్టున్నావు నరసింహమన్నా?” అని వెంగమ్మ కిటికీలోంచి అడిగింది.

“బాగానే ఉన్నానమ్మా. పన్నెండింటికి కష్టం, కాళ్ళ కిందకే పోద్ది నీడ. పొద్దు వాలితే ఏం లేదు, పొడుగవుతా,” అన్నాడు నరసింహం. “నువ్వు కూడా ఇటేనంట గదా? ఆ ఎదురు స్టాపులో ఖాళీ ఉంది. కనపడుతుంటాం.”

బస్సు కదిలింది. వెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాల్యాద్రి టిక్కెట్లు చేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు టిక్కెట్లు కొట్టినవాడికి వాటిలో చదవడానికి ఏమీ ఉండదు.

తహసీల్దారు జయచంద్ర ఫైలు మొత్తం చదివాడు. చదివినట్టు పేజీ పేజీకీ టిక్కు పెట్టాడు. అరుగయ్య పేజీ రెండుసార్లు చదివాడు.

“అనుభవం తెగిందమ్మా,” అన్నాడు. “ఆ నలభై ఒక్క రోజులూ నువ్వు ఆ ఇంటి అనుభవంలోనే ఉన్నావని రుజువేమన్నా ఉందా? ఇంటికి దూరంగా ఉన్నా ఇల్లు నిన్ను వదల్లేదని చూపించాలి.”

“మనసు ఆడనే ఉంది సార్,” అంది వెంగమ్మ.

“మనసు కొలతకు రాదు.”

“రోజూ కలలోకి వచ్చేది సార్, ఇల్లు.”

“యజమాని ఆస్తి కలలోకి రావచ్చమ్మా. దానికి ఆంక్ష లేదు. రుజువు కిందికి రాదు.”

సుబ్బరత్తమ్మ ముందుకు వచ్చింది. “సార్, ఆమె లేని నలభై రోజులూ గడపకు పసుపు లేదు. నాకు చేతులాడలా. కావాలంటే మా ఊరోళ్ళనడగండి.”

జయచంద్ర అది కూడా రాసుకున్నాడు. రాసుకుని కింద గీత గీశాడు. పోరంబోకు ఉత్తర్వు ఫారం తీసి, పేరు, వయసు పూర్తి చేశాడు. వినియోగం అన్న గడిలో ‘నీడ / సభలు’ అని రాసి, ఏది కొట్టేయాలో తర్వాత చూద్దామని వదిలేశాడు. సంతకం చేయడానికి ముందు ఆస్తి గదిలో ఉండకూడదని నిబంధన.

“బయట కూర్చోండమ్మా,” అన్నాడు.

వెంగమ్మ ఆయనకు దణ్ణం పెట్టింది. గౌసియాకు కూడా పెట్టింది. “నా కోసం తిరిగావు తల్లీ,” అని చెప్పి, తిరిగి తలుపు వైపు నడిచింది. తలుపు దగ్గర తల వంచి, నడుము కొంచెం ముందుకు వాల్చి, దాటింది.

ఆ కార్యాలయం తలుపు ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. వెంగమ్మ ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం.

“ఆగండి,” అన్నాడు జయచంద్ర. “మళ్ళీ లోపలికి రండి.”

వెంగమ్మ వచ్చింది. తలుపు దగ్గర తల వంచింది.

“ఎందుకమ్మా వంగావు?”

“ఎక్కడ సార్?”

“తలుపు దగ్గర.”

“వంగలేదు సార్, మామూలుగానే వచ్చినా,” అంది వెంగమ్మ.

సర్వేయరును పిలిపించారు. ఆమెను నాలుగుసార్లు అటూ ఇటూ నడిపించారు. సర్వేయరు తలుపు పక్కన టేపు పట్టుకుని నిలబడ్డాడు. నాలుగుసార్లూ ఆమె నడినెత్తి నేలకు నాలుగడుగుల ఆరున్నర అంగుళాల ఎత్తులో దాటింది. ఫైలులో వంటింటి ద్వారం కొలత నాలుగడుగుల ఏడంగుళాలు. సర్వేయరు అరంగుళం తేడా అనుమతించదగినదేనని చెప్పాడు. తర్వాత మాల్యాద్రిని, సుబ్బరత్తమ్మను నడిపించారు. కొలతలు సరిపోయాయి. సుబ్బరత్తమ్మ వంగుతూ ఒక చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది. అది కూడా రాశారు.

“పొదిలిలో డాబా ఇంట్లో ఉన్నప్పుడు?” అని జయచంద్ర అడిగాడు.

“ఆ ఇంటామె నవ్వేది సార్. ఏందే, మా ఇంట్లో దేవుడు తలుపు మీదున్నాడా, పొద్దస్తమానం దణ్ణం పెడతావు అనేది. ఏం మాటలో అనుకున్నా,” అంది వెంగమ్మ.

పొదిలి ఆమెకు ఫోన్ చేశారు. ఆమె స్పీకరులో అదే మాట చెప్పింది. నడుం నొప్పేమో అనుకుని అప్పట్లో ఆయింటుమెంటు కూడా ఇచ్చానని చెప్పింది.

జయచంద్ర పోరంబోకు ఫారాన్ని మధ్యకు చించాడు. ఇంకో ఫారం తీశాడు. ‘దూరంగా ఉన్న కాలంలో కూడా యజమాని ఇల్లు సదరు మనిషిని ఎడతెగకుండా అనుభవించినట్టు శరీర సాక్ష్యం వల్ల రుజువైనది. సదరు వెంగమాంబ పసుపులేటి ఇంటి ఆస్తి’ అని రాసి సంతకం చేశాడు. ముద్ర కోసం లేచి పక్క గదిలోకి వెళ్ళాడు. రెండు గదుల మధ్య గడప లేదు. నేల చదునుగా ఉంది. ఆయన అక్కడ కాలు జానెడు ఎత్తి దాటాడు. సర్వేయరు చూశాడు. టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

వెంగమ్మ కాగితాన్ని రెండు చేతులతో అందుకుంది. కింద దాకా చూసింది.

“నేనెక్కడ పెట్టాల సార్ సంతకం?”

“ఆస్తి పెట్టక్కర్లేదమ్మా.”

“అంతేలే. పెళ్ళప్పుడూ అడగలా,” అంది వెంగమ్మ. మేజా ముందు వంగి దణ్ణం పెట్టింది. “మీ పిల్లలు చల్లగుండాల సార్. నన్ను ఒకింటిదాన్ని చేశారు.”

తిరుగు బస్సు మెట్టపాలెంలో ఆగినప్పుడు పొద్దు వాలుతోంది. నరసింహం నీడ రోడ్డు దాటి ఎదురు స్టాపు దాకా సాగింది. వెంగమ్మ కాగితాన్ని కిటికీలోంచి చూపించింది. నరసింహం చదివి, బాగుందన్నట్టు తలూపాడు. నీడ కూడా తలూపింది. దాని కింద నిలబడ్డవాళ్ళు కొద్దిగా జరిగారు.

*

ఆస్తి అప్పగింత ఏప్రిల్ పదిహేడున జరిగింది. నిబంధన ప్రకారం గౌసియా గడప దగ్గర నిలబడి ఆస్తి వివరాన్ని ఇంటికి చదివి వినిపించింది. ముగ్గురూ వరసగా నిలబడ్డారు.

“పసుపులేటి వెంగమాంబ, వయసు అరవై మూడు. హద్దులు. తూర్పు: వంటిల్లు. దక్షిణం: బావి. పడమర: పశువుల కొట్టం. ఉత్తరం: వీధి గడప.”

వెంగమ్మ ప్రతి దిక్కు దగ్గరా తలూపింది. చివరిదాని దగ్గర ఒక సందేహం వచ్చింది.

“వీధి గడపంటే, గడప నాకు లోపలుందా, బయటుందా అమ్మాయ్?”

గౌసియా ప్లాను చూసింది. “బయట పెద్దమ్మా. నువ్వు గడప దాకా.”

“మరి శుక్రవారం పసుపు?”

“లోపల నుంచి చెయ్యి చాపి రాయొచ్చు. దానికి ఆంక్ష లేదు.”

“సరిగ్గానే కొలిచారు,” అంది వెంగమ్మ. “ఈ ఊళ్ళో అంతకు మించి నేనెప్పుడు తిరిగినా గనక. పుట్టినాక ఇన్నాళ్ళకు నా కొలత నాకు తెలిసింది.” ఆమె గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. కళ్ళు తుడుచుకుంది. మాల్యాద్రి కూడా తుడుచుకున్నాడు. అతని హద్దులు మెయిన్ రోడ్డు దాకా ఉన్నాయి.

గౌసియా ఫైలు మూసి, లోపలికి వచ్చి పీట మీద కూర్చుంది. ఇది ఆఖరి రాక. ఇక ఈ ఇంటితో ఆమెకు పని లేదు. సుబ్బరత్తమ్మ అందరికీ మజ్జిగ పోసింది. తాగుతుండగా వీధి తలుపు గాలి లేకుండా కదిలి, మూసుకుంది. మాల్యాద్రి వెళ్ళి లాగాడు. రాలేదు. భుజం పెట్టాడు. రాలేదు.

“బిగుసుకుంది,” అన్నాడు.

గౌసియా చేతి గడియారం చూసి ఫైలులో రాసింది: మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు, తలుపు బిగుసుకున్నది, అంగీకారం. గడువు దాటి వచ్చినా అంగీకారం అంగీకారమే.

“చెక్క సర్దుకోవాలి. కాసేపట్లో వదులుద్ది,” అన్నాడు మాల్యాద్రి. ఎంతసేపట్లోనో చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

గౌసియా ఖాళీ గ్లాసు కడిగి పెడదామని లేచింది. పొదిలి బస్సు నాలుగింటికి ఉందని చెబుతూ వంటింటి వైపు నడిచింది. ద్వారం దగ్గర, మాట ఆపకుండానే, తల వంచి లోపలికి వెళ్ళింది. ఈసారి “తల, తల” అని ఎవరూ అరవలేదు. గ్లాసు కడిగింది. తల వంచి తిరిగొచ్చింది. పెరటి తలుపు దగ్గర ఆగి చూసింది. పెరటి తలుపు ఆరడుగులు. అక్కడా వంగింది.

సుబ్బరత్తమ్మ వెంగమ్మ వైపు చూసింది. వెంగమ్మ తన పక్కన పీట జరిపి, చేత్తో ఒకసారి తుడిచింది.

“పన్నెండేళ్ళు పడతదమ్మాయ్,” అంది. “కూర్చో.”